తోకబండి

మిల్లు గేటుకి తాళం పడ్డ మూడోయేడు
మా ఇంటాయన సైకిలు సూరు కింద తుప్పెక్కిపోయి
ఫ్రేము పాతినుము కొట్టుకి ఎల్లిపోనాది.
తూసినాడు, డబ్బులు లెక్కెట్టినాడు.
సక్రాలు రెండూ నానివ్వలేదు.
"ఏటి సేసుకుంటావే వాట్ని, గాజులా?" అన్నాడాయన.

బుజానికొకటి తగిలించుకుని
వెల్డింగు ముఖలింగం కాడికి ఎల్తంటే
నిజంగానే గాజుల్లాగ గలగల్లాడినాయి.

ముఖలింగం బీడీ ఆర్పీసి
సుద్దముక్కతో నేల మీద గీసినాడు:
విరిగిన మంచం తాలూకు యాంగిళ్లు,
పళ్లకొట్టోడు పారేసిన పలాస్టిక్కు బుట్ట,
ట్రాక్టరు కొక్కెం ఈనిన పిల్లలాటి కొక్కెం.
"అక్కా, ఇది నీ సైకిలికి తోక.
ఒకటే గేపకం ఎట్టుకో.
ముందుకెల్తే నీ మాట ఇంటాది.
ఎనక్కి తోసినావా,
నువ్వు కుడంటే అది ఎడమంటాది."
అలాటిది మా ఇంట్లో ఇప్పటికే ఒకటున్నాదని
నాను సెప్పలేదు.

ఇప్పుడు తెల్లారి ఆరింటికి
గంటస్తంభం కాడ వంకాయలు, ములక్కాడలు,
తడిగుడ్డలో తోటకూర కట్టలు.
గుడ్లబండోడు మా బడి సందులోకి రాడు,
మెయిన్ రోడ్డు మీద దింపీసి పోతాడు.
ఆరు అట్టలు, నూటెనభై గుడ్లు.
కింద ఊక బస్తా, పైన నా పాత సీర.
స్పీడు బ్రేకరు వస్తే దిగిపోయి
బాలింతని నడిపించినట్టు నడిపిస్తాను.

బడి గేటు కాడ పిల్లలు
"తోకమ్మొచ్చీసినాదిరా!" అని అరుస్తారు.
హెడ్మాష్టరు మాత్రం
"నీలవేణిగారూ, ట్రైలరు కొంచెం పక్కన పెట్టండి" అంటారు.
రెండు పేర్లకీ పలుకుతాను.

తిరుగుదారిలో దాలమ్మ గేదెకి కుడితి.
ఆ తరవాత వీధికి ఏది గుర్తొస్తే అది:
గేసు బండ, మరకి బియ్యం,
కుట్టుమిసను ఓసారి,
సారెకి అరిసెల డబ్బాలు ఓసారి.
జొరమొచ్చిన గుంటడొకడు గూడా
దుప్పటి ముసుగేసుకుని, ఆస్పత్రి దాకా
ఆకాశం సూస్తా ఎల్లినాడు.

ఒకటి కనిపెట్టినాను.
నిండుగున్నరోజు ఇది నోరెత్తదు.
కాళీగా ఉంటేనే గోతికో కూత.
జీతాలు మూణ్ణెల్లు రాక
మా వంటోళ్లం కలెక్టరాఫీసు ముందర కూకున్నరోజు
కాళీ గిన్నెలే ఏసుకెల్లినాను.
ఊరంతా ఇన్నాది.

ఆయనిప్పుడు ఎత్తు బ్రిడ్జి అవతల
అపార్టుమెంటుకి వాచ్‌మేను.
రోజంతా నిల్సుని మోకాళ్లు ఉబ్బిపోతాయి.
"ఎక్కి కూకో మావా.
నూటెనభై గుడ్లు మోసినదాన్ని,
నువ్వొక్కడివి పగిలిపోతావేటి?"
"ఆడమనిషి తొక్కతంటే నాను కూకోడమా?
జనం నవ్విపోరూ?"
జనం ఎప్పుడు నవ్వలేదు గనక.

మొన్న వానలో,
ఆయన డ్యూటీ దిగే ఏళకి
అటేపు కొట్లో బియ్యం బస్తా ఏసుకుని వస్తన్నాను.
తన కేరేజీ బుట్టలో పడీసి
పక్కన నడిసినాడు,
గొడుగు నా మీద గాదు, బస్తా మీద పట్టి.

బ్రిడ్జి ఎత్తు మొదలైన కాడ
ఎప్పుడూ దిగిపోతాను.
దిగుదారని కాలు సాపినాను.
ఇంతట్లో తొక్కుడు తేలికైపోనాది.
గొలుసు ఊడిపోనాదేమో అనుకున్నాను.
ఊడలేదు.
గొడుగు ముడిసి బస్తా పక్కన పడున్నాది.
ఎనక్కి తిరిగి సూడలేదు నాను.
సూస్తే వొగ్గీస్తాడు, ఆయన సంగతి నాకు తెల్దా.

కిందనించి గూడ్సు ఎల్తన్నాది,
ఎంతకీ అవదు.
బ్రిడ్జి నడిమికొచ్చేక
ఎనకనించి ఆయాసంతో ఓ మాట:
"ఎడం సక్రంలో గాలి తక్కువున్నాదే."
"నీ సక్రమే అది" అన్నాను.

ఇంక పల్లం.
పల్లంలో తోక మనిషిని ముందుకి తోసేస్తాది,
రెండు బ్రేకులూ పట్టుకోవాల.
పట్టుకున్నాను.
ఎనక తడి రోడ్డు మీద
రబ్బరు సెప్పులు రాసుకుంటన్న సప్పుడు,
బండిని ఆపతా.